మంటకు లొంగని డ్రాగన్, వెండికి లొంగే తోడేలు మనిషి

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రను తమదిగా చేసుకుని, నిర్వాహకుడు నడిపే కథలో ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతూ, ఫలితం ఎటూ తేలని చోట పాచికలు వేసి తేల్చుకునే ఆటలను టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ అంటారు. వీటిలో మొట్టమొదట అచ్చయి అమ్మకానికి వచ్చినది డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. కత్తి దెబ్బను అంకెల్లోకి దించడం ఈ ఆటల రచయితలకు పెద్ద చిక్కు కాలేదు, ఎందుకంటే కత్తి ఏం చేస్తుందో, కవచం దాన్ని ఎంతవరకు ఆపుతుందో లోకానికి తెలిసిన సంగతే. మంత్రానికి అలాంటి ఆధారం లేదు. లోకంలో లేని శక్తి ఒక శరీరాన్ని ఎంత గాయపరుస్తుంది, దాన్ని ఎవరు ఎంతవరకు తట్టుకుంటారు అనే ప్రశ్నకు అనుభవం జవాబివ్వలేదు కాబట్టి, నియమాలు రాసినవారే ఆ జవాబును కల్పించుకోవలసి వచ్చింది. గత యాభై ఏళ్లలో వారు కల్పించుకున్న జవాబులన్నీ పైకి కూడికలు, తీసివేతలుగానే కనిపించినా, ఆ కల్పిత లోకంలో మంత్రం అంటే ఏమిటన్న ఊహ ప్రతి లెక్క వెనుకా ఉంటుంది.

మంత్రాఘాతానికి తొలి పూర్వీకుడు ఫిరంగి. గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో ప్రచురించిన చైన్‌మెయిల్ అనే పుస్తకం మధ్యయుగపు సైన్యాలను చిన్న బొమ్మలతో నడిపే యుద్ధక్రీడకు నియమావళి. దాని చివర మాంత్రికులు, డ్రాగన్లు, వీరులు యుద్ధంలోకి దిగితే ఏం చేయాలో చెప్పే అనుబంధం ఉంది. అందులో మాంత్రికుడు విసిరే ఫైర్‌బాల్, అంటే అగ్నిగోళం, పెద్ద రాళ్లు విసిరే యంత్రం దెబ్బ ఎంత మేర తగులుతుందో అంత మేర తగులుతుంది. అతడు వదిలే పిడుగు బరువైన ఫిరంగి గుండుతో సమానం. అంటే మాంత్రికుడు ఆ రచయితల దృష్టిలో గడ్డం పెంచుకుని నడిచే ఫిరంగిదళం. నేటికీ అగ్నిగోళం ఒక్క మనిషిని కాక ఒక వలయంలో ఉన్నవారందరినీ, శత్రువని మిత్రుడని చూడకుండా కాల్చడానికి మూలం అక్కడే ఉంది.

ఆ యుద్ధక్రీడలో మామూలు సైనికుడి బొమ్మకు దెబ్బ తగిలిందంటే బల్ల మీద నుంచి తీసేయడమే. అయితే ఒక్కో మనిషి ఒక్కో పాత్రను నెలల తరబడి పెంచుకునే ఆటలో, ఒక్క దెబ్బతో ఆ పాత్ర చచ్చిపోవడం ఎవరికీ నచ్చలేదు. ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ అనే కల్పిత ప్రాంతంలో ఆట నడుపుతున్నప్పుడు, అమెరికా అంతర్యుద్ధకాలపు ఇనుప కవచ నౌకల మీద తాను అల్లుకున్న యుద్ధక్రీడ నుంచి ఒక పద్ధతిని తెచ్చుకున్నారు: నౌక మునగడానికి ముందు ఇన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది అని లెక్క కట్టినట్టే, మనిషికీ ఒక ఓర్పు సంఖ్య ఇచ్చారు. దానినే హిట్ పాయింట్లు అంటారు. దెబ్బ తగిలినప్పుడల్లా పాచిక చూపిన సంఖ్యను అందులోంచి తీసేస్తారు. అది సున్నాకు దిగితే పాత్ర నేలకొరుగుతుంది. మంత్రం వల్ల కలిగే నష్టం కూడా ఇదే ఖాతాలోంచి ఖర్చవుతుంది. కత్తికీ మంత్రానికీ ఒకే ఖాతా కావడం వల్లనే, ఆ రెంటినీ వేరుచేసి చూపే నియమాలు తర్వాత అవసరమయ్యాయి.

ఆ నియమాల్లో మొదటిది సేవింగ్ త్రో, అంటే ప్రమాదం మీద పడిన క్షణంలో తప్పించుకోవడానికి పాత్రకు దక్కే చివరి పాచిక. ఇరవై ముఖాల పాచిక వేసి నిర్ణీత సంఖ్యను అందుకుంటే ప్రమాదం తప్పుతుంది, లేదా సగానికి తగ్గుతుంది. 1974 పుస్తకంలో ఈ రక్షణ ఐదు తరగతులుగా ఉండేది: మృత్యుకిరణం లేదా విషం, మంత్రదండాలు, రాయిగా మారిపోవడం, డ్రాగన్ ఊపిరి, చివరగా మహాదండాలూ మంత్రాలూ. ఈ విభజనలో తర్కం కంటే కథల వాసనే ఎక్కువ. ఏ ప్రమాదం మనిషి ఒంట్లో ఏ శక్తిని పరీక్షిస్తుందో అది చెప్పదు, ఏ ప్రమాదాలు కథల్లో ఎక్కువగా వస్తాయో మాత్రమే చెబుతుంది. పాత్ర అనుభవంతో ఎదిగేకొద్దీ అందుకోవలసిన సంఖ్య తగ్గుతూ పోయేది, కాబట్టి కాకలు తీరిన యోధుడికి మంత్రాల భయం తగ్గేది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ ఈ ఐదింటిని మూడుగా కుదించి, దేహదారుఢ్యం, చురుకుదనం, మనోనిబ్బరం అని పాత్ర స్వభావానికి ముడిపెట్టింది. 2014 నాటి ఐదో ఎడిషన్ బలం, నేర్పు, దారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ అనే ఆరు మూలలక్షణాలకూ ఒక్కో సేవింగ్ త్రో ఇచ్చింది. మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఆలోచన తలకిందులైంది: పాత పద్ధతిలో ముందు ప్రమాదం పేరు అడిగేవారు, కొత్త పద్ధతిలో దాన్ని ఎదుర్కొంటున్న మనిషి ఎలాంటివాడని అడుగుతున్నారు.

ఇక నష్టానికి రకాలు రావడం డ్రాగన్లతో మొదలైందని చెప్పవచ్చు. తొలి పుస్తకంలోనే తెల్ల డ్రాగన్ చలిని, నల్లది ఆమ్లాన్ని, ఆకుపచ్చది క్లోరిన్ వాయువును, నీలిది పిడుగును, ఎర్రది నిప్పును ఊదేవి. ఆ వాయువుకు మాంత్రిక నామం కాక రసాయనశాస్త్రపు పేరు పెట్టడం గమనించదగ్గది. నిప్పు ఊదే జంతువుకు నిప్పు తగలకూడదన్న సహజమైన తీర్పు ఆ వెంటే వచ్చింది. ఆ తీర్పే పెరిగి పెరిగి 2014 నాటికి పదమూడు రకాల పట్టిక అయింది. అందులో మొద్దు దెబ్బ, పోటు, కోత అనే మూడు ఆయుధాలవి. ఆమ్లం, చలి, నిప్పు, మెరుపు, ఉరుము, విషం అనే ఆరు ప్రకృతిలో పోలిక ఉన్నవి. మిగిలిన నాలుగు, అంటే దైవకాంతి, ప్రాణాన్ని పీల్చే మృత్యుశక్తి, మనస్సును చీల్చే మానసికాఘాతం, ఫోర్స్ అని పిలిచే శుద్ధ మాంత్రికశక్తి, లోకంలో ఎక్కడా పోలిక లేనివి. ఈ పదమూడింటికీ సమానమైన విలువ లేదు. నిప్పునూ విషాన్నీ తట్టుకునే జీవులు కోకొల్లలు. నడిచే శవాలు, ప్రాణంపోసిన విగ్రహాలు, నరకవాసులు చాలావరకు విషాన్ని లక్ష్యపెట్టవు. శుద్ధ మాంత్రికశక్తిని తట్టుకునేవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. అందుకే అనుభవమున్న ఆటగాళ్లు మంత్రాన్ని ఎంచుకునేటప్పుడు ఎన్ని పాచికలన్నది ఎంత చూస్తారో, ఏ రకమన్నదీ అంతే చూస్తారు.

ఐదో ఎడిషన్‌లో ఒక జీవికి ఒక రకం నష్టం మీద మూడు ప్రత్యేక సంబంధాలు ఉండవచ్చు. రెసిస్టెన్స్, అంటే నిరోధం, ఉంటే నష్టం సగమవుతుంది. వల్నరబిలిటీ, అంటే దౌర్బల్యం, ఉంటే రెట్టింపవుతుంది. ఇమ్యూనిటీ ఉంటే ఆ రకం నష్టం అసలు తగలదు. ఈ మూడూ ఒకే దెబ్బలో ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణలో చూస్తే నియమం మొత్తం తేటపడుతుంది. ఐదో స్థాయి మాంత్రికురాలు ఒకామె, బుద్ధి పద్దెనిమిది ఉన్నది, నేలమాళిగలోని సమాధి గదిలోకి ఫైర్‌బాల్ విసిరిందనుకుందాం. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్న ప్రతి ఒక్కరూ నేర్పు సేవింగ్ త్రో వేయాలి; అందుకోవలసిన సంఖ్య ఎనిమిదికి ఆమె ప్రావీణ్యపు మూడు, బుద్ధి వల్ల వచ్చే నాలుగు కలిపితే వచ్చే పదిహేను. నష్టానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి. అవి 5, 3, 6, 2, 4, 1, 6, 4 చూపాయి, మొత్తం 31. ఎనిమిది పాచికల సగటు 28 కాబట్టి ఇది కాస్త మంచి వేటే.

ఆ గదిలో ఒక గాబ్లిన్, ఒక మనిషి యోధుడు, నరకవంశపు రక్తమున్న టీఫ్లింగ్ యువతి, ఒక మమ్మీ, మూలన పడుకున్న ఎర్ర డ్రాగన్ పిల్ల ఉన్నాయి. గాబ్లిన్ తప్పించుకోలేదు; ఏడు హిట్ పాయింట్లున్న దానికి 31 అంటే బూడిదే. యోధుడు సకాలంలో పక్కకు దూకి సేవింగ్ త్రో నెగ్గాడు కనుక అతడికి సగం, అంటే 15; ఈ ఆటలో భిన్నం వస్తే ఎప్పుడూ కిందికే సవరిస్తారు. టీఫ్లింగ్‌లకు పుట్టుకతోనే నిప్పు మీద నిరోధముంటుంది. ఆమె కూడా సేవింగ్ త్రో నెగ్గింది కాబట్టి ముందు 15, నిరోధం వల్ల అందులో మళ్లీ సగం, చివరికి 7 మాత్రమే. మమ్మీ చుట్టూ ఉన్నది ఎండిన గుడ్డ, లోపల ఉన్నది ఎండిన దేహం. దానికి నిప్పు మీద దౌర్బల్యం. సేవింగ్ త్రో తప్పిందంటే 31 రెట్టింపై 62 అవుతుంది, 2014 పుస్తకం దానికిచ్చిన సగటు హిట్ పాయింట్లు 58, కాబట్టి అది అక్కడికక్కడే కూలిపోతుంది. డ్రాగన్ పిల్ల పాచిక ఏం చూపినా ఒకటే, దానికి నిప్పు అంటదు. ఒకే మంట, ఒకే పాచికల వరుస. ఐదుగురికి ఐదు ఫలితాలు. ఈ వైవిధ్యం కోసమే ఇంత నియమావళి పుట్టింది.

లెక్క వేసే క్రమం కూడా ముఖ్యమే. ఏదైనా మంత్రరక్ష నష్టంలోంచి కొంత తీసేస్తుంటే ముందు ఆ తీసివేత జరగాలి, తర్వాత నిరోధం సగం చేయాలి, ఆ తర్వాతే దౌర్బల్యం రెట్టింపు చేయాలి. 30 నష్టంలోంచి రక్ష 6 తీసేస్తే 24, అందులో సగం 12. క్రమం తిరగేస్తే ముందు 15, తర్వాత 9. ఒకే జీవికి ఒకే రకం మీద రెండు చోట్ల నుంచి నిరోధం వచ్చినా ఒక్కసారే సగమవుతుంది తప్ప పావు కాదు. ఈ చివరి నియమం లేకపోతే ఉంగరాలు, తాయెత్తులు, మంత్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని నిప్పుల గుండంలో నిద్రపోయే పాత్రలు తయారయ్యేవి.

సగం చేయడమే ఏకైక మార్గమని అనుకోకూడదు. 2003లో సవరించిన మూడో ఎడిషన్‌లో నిరోధం ఒక స్థిరమైన సంఖ్య. నిప్పు నిరోధం 10 అంటే తగిలిన ప్రతి నిప్పు దెబ్బలోంచి 10 తీసేయాలి. పైకి ఈ రెండు పద్ధతులూ దగ్గరివిగా కనిపిస్తాయి గానీ వాటి లోకాలు వేరు. ఒక్కోటి 5 నష్టం చేసే చిన్న మంటలు పది తగిలితే తీసివేత పద్ధతిలో నష్టం సున్నా, అదే 50 నష్టం చేసే పెద్ద మంట ఒకటి తగిలితే 40. సగం పద్ధతిలో చిన్న మంటలు పదీ కలిసి 20 నష్టం చేస్తాయి, పెద్దది 25 చేస్తుంది. తీసివేత పద్ధతి ఉన్న లోకంలో గ్రామస్థులు వందమంది కాగడాలు పట్టుకొచ్చినా నిరోధమున్న రాక్షసికి చీమ కుట్టినట్టు ఉండదు. అక్కడ వీరుడు తప్పనిసరి. సగం పద్ధతి ఉన్న లోకంలో గ్రామస్థులు కొంతమంది ప్రాణాలు పోగొట్టుకున్నా చివరికి దాన్ని పడగొట్టగలరు. ఈ తేడాను పుస్తకాలు ఎక్కడా చాటిచెప్పవు, కానీ రచయిత ఏ పద్ధతిని ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి ఆ లోకంలో సామాన్యుడి బతుకు ఎంత భద్రమో తేలిపోతుంది. పైజో సంస్థ 2019లో తెచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఇదే స్థిరసంఖ్యను దౌర్బల్యానికీ వర్తింపజేసింది: నిప్పు దౌర్బల్యం 5 ఉన్న జీవికి తగిలిన ప్రతి నిప్పు దెబ్బకూ 5 కలుపుతారు. అప్పుడు పెద్ద మంట ఒకటి 55 చేస్తే చిన్న మంటలు పదీ కలిసి 100 చేస్తాయి. ఆ లోకంలో గ్రామస్థుల కాగడాలే మేలు.

ఇంతవరకు చెప్పినది నష్టం మీద నిరోధం. మంత్రం మీదనే నిరోధం ఇంకొకటి ఉంది. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడం కొత్త ఆటగాళ్ల బల్లల దగ్గర తరచూ జరిగేదే. 1970ల చివర మూడు పుస్తకాలుగా వెలువడిన అడ్వాన్స్‌డ్ డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌లో కొన్ని జీవులకు మ్యాజిక్ రెసిస్టెన్స్ శాతంలో ఉండేది. ఆ శాతం పదకొండో స్థాయి మాంత్రికుడిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చింది. మాంత్రికుడు ఒక్కో స్థాయి తక్కువైతే 5 శాతం పెరిగేది, ఎక్కువైతే 5 తగ్గేది. 50 శాతం నిరోధమున్న రాక్షసిని ఏడో స్థాయి మాంత్రికుడు ఎదుర్కొంటే 70 శాతం సార్లు అతడి మంత్రం నీటిమీద రాతే. పదిహేనో స్థాయివాడికి ఆ బెడద 30 శాతమే. ఆ పాచిక గెలిస్తే మంత్రం పూర్తిగా చచ్చేది, ఓడితే ఆ తర్వాత మామూలు సేవింగ్ త్రో, ఆపై నష్టం. భయపెట్టడంలో ఈ పద్ధతికి సాటి లేదు. ఆటగా చూస్తే మాత్రం ఇది నిర్దయమైనది: రోజుకు ఒకే ఒక్కసారి వేయగల మహామంత్రం ఒక్క పాచికతో గాలిలో కలిసిపోతే మాంత్రికుడి పాత్ర వేస్తున్న మనిషికి ఆ పూట చేయడానికి ఏమీ మిగలదు.

మూడో ఎడిషన్ దీనిని స్పెల్ రెసిస్టెన్స్ అనే సంఖ్యగా మార్చి, మాంత్రికుడు ఇరవై ముఖాల పాచికకు తన స్థాయిని కలిపి ఆ సంఖ్యను అందుకోవాలన్నది. ఇందులో ఒక చక్కని మెలిక ఉంది. ఆ రక్ష మేలు చేసే మంత్రాన్ని కూడా అడ్డుకుంటుంది. స్నేహితుడి వైద్యమంత్రం పనిచేయాలంటే గాయపడ్డవాడు తన వంతును ఖర్చుపెట్టి ఆ రక్షను దించుకోవాలి. స్టీవ్ జాక్సన్ గేమ్స్ 1986లో ప్రచురించిన గర్ప్స్ కూడా మంత్రనిరోధాన్ని మిత్రుల మంత్రాలకూ అడ్డంగానే నిలిపింది. ఐదో ఎడిషన్ ఈ పదును తీసేసింది: మ్యాజిక్ రెసిస్టెన్స్ ఉన్న జీవి మంత్రాలమీద సేవింగ్ త్రో వేసేటప్పుడు పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటుంది, అంతే. మామూలుగా 40 శాతం నెగ్గే చోట ఇలా 64 శాతం నెగ్గుతుంది. అయితే ఇది నష్టాన్ని తగ్గించదు. ఫైర్‌బాల్ నుంచి నెగ్గినా సగం కాలుతుంది, సేవింగ్ త్రో అడగకుండా బాణంలా గురిచూసి విసిరే మంత్రాలకు ఇది అసలు అడ్డు రాదు. మహారాక్షసులకు లెజెండరీ రెసిస్టెన్స్ అని మరొకటి ఇచ్చారు: రోజుకు మూడుసార్లు, ఓడిపోయిన సేవింగ్ త్రోను నెగ్గినట్టుగా మార్చుకోవచ్చు. ఒకే మంత్రంతో డ్రాగన్‌ను కప్పగా మార్చి కథ ముగించకుండా ఇది కాపాడుతుంది గానీ, ఇందులో లోకానికి సంబంధించిన కారణం ఏదీ లేదు. ఆట నడవడం కోసం పెట్టిన ఊతకర్ర అది, ఆ సంగతి ఆడేవారికి తెలుస్తూనే ఉంటుంది.

ఇతర ఆటలు వేరే దారులు తొక్కాయి. 1978లో కేయోసియం సంస్థ తెచ్చిన రూన్‌క్వెస్ట్‌లో మంత్రాన్ని ఆపేది శరీరం కాదు, ఆత్మశక్తి. దాడిచేసేవాడి శక్తికీ ఎదుర్కొనేవాడి శక్తికీ ఉన్న తేడాను ఐదుతో హెచ్చించి యాభైకి కలిపితే మంత్రం తగిలే శాతం వస్తుంది. శక్తి 15 ఉన్నవాడు 10 ఉన్నవాడి మీద వేస్తే 75. ఈ పట్టికే అదే సంస్థ 1981లో తెచ్చిన కాల్ ఆఫ్ కథూలూలోకీ వచ్చింది. 1989 నాటి షాడోరన్‌లో మంత్రం వేసినవాడు కూడా దాని బరువును తట్టుకోవాలి. డ్రెయిన్ అనే ఆ నియమం వల్ల అత్యాశతో పెద్ద మంత్రం వేసిన మాంత్రికుడు శత్రువు కంటే ముందే సొమ్మసిల్లవచ్చు.

వీటన్నిటిలోకీ లోతైనది, 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ రూపొందించిన ఆర్స్ మ్యాజికా. మధ్యయుగపు ఐరోపాను పోలిన లోకంలో మాంత్రికుల సంఘం కథ అది. అక్కడ ప్రతి మాంత్రికుడికీ పార్మా మ్యాజికా అనే రక్షావిద్య వస్తుంది. ఆర్స్ మ్యాజికా ఐదో ఎడిషన్ లెక్కలో ఆ విద్యాస్థాయిని ఐదుతో హెచ్చించి, మంత్రం ఏ తత్త్వానికి చెందిందో ఆ తత్త్వంలో అతడికున్న పట్టును కలిపితే నిరోధం వస్తుంది. పార్మా నాలుగు, అగ్నితత్త్వం ఆరు ఉన్నవాడిని నిప్పుమంత్రం తాకాలంటే దాని చొచ్చుకుపోయే శక్తి 26ను మించాలి. మించకపోతే వెచ్చదనం కూడా తగలదు. అంకెలకంటే వెనుక ఉన్న కథ విలువైనది. ఈ రక్షను బోనిసాగస్ అనే మాంత్రికుడు కనిపెట్టక ముందు ఇద్దరు మాంత్రికులు ఒక గదిలో కూర్చోవడమే ప్రాణాపాయం, ఎందుకంటే ఎవరు ముందు మంత్రం వేస్తే వారిదే గెలుపు. ఒకరి మంత్రం ఒకరిని వెంటనే చంపలేదన్న నమ్మకం కుదిరాకే సంఘం, చట్టం, చదువు సాధ్యమయ్యాయి. ఒక రక్షణసంఖ్య మొత్తం ఒక సమాజపు చరిత్రకు కారణం కావడం ఆటల సాహిత్యంలో అరుదైన సాధన. ట్వీట్ ఆ తర్వాత డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్ రూపకల్పనకు నాయకత్వం వహించారు.

నిరోధాలు, దౌర్బల్యాలు ఆటకు ఇచ్చే అసలైన బహుమతి లెక్కల్లో కాక జ్ఞానంలో ఉంది. శత్రువుకు ఏది తగులుతుంది, ఏది తగలదు అన్న సంగతి ముందే తెలియకపోవడం వల్ల ఆటగాళ్లు పుస్తకాలు వెతుకుతారు, ఊరి ముసలివాళ్లను అడుగుతారు, గుహ గోడల మీద కాలిన గుర్తులు చూస్తారు. ట్రోల్ అనే జీవిని ఎంత నరికినా గాయాలు మానిపోతాయి. డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల్లో ప్రతి వంతులోనూ దానికి పది హిట్ పాయింట్లు తిరిగివస్తాయి, నిప్పు గానీ ఆమ్లం గానీ తగిలిన తర్వాతి వంతులో మాత్రం రావు. పోల్ ఆండర్సన్ రాసిన త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్ నవలలోని ట్రోల్ దీనికి మాతృక. శవాల ముక్కలతో కుట్టిన మాంసపు గోలెం అనే కృత్రిమ దేహాన్ని మెరుపుతో కొడితే నష్టపోకపోగా ఆ మేరకు గాయాలు మానతాయి, నిప్పు తగిలితే జంకుతుంది. ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా ఎరిగినవారికి ఆ రెండు నియమాలూ వేరే చెప్పనక్కర లేదు.

ఇక్కడ నిర్వాహకుడి బాధ్యత పెద్దది. "నీ మంట తగిలింది, నష్టం సగం" అని పొడిగా అంకె చెబితే ఆటగాడికి సమాచారం అందుతుంది గానీ లోకం అందదు. "మంట దాని ఒంటినిండా పాకింది, పొలుసులు ఎర్రబడ్డాయి, అది మాత్రం ఎండ కాగుతున్నట్టు కళ్లు అరమూసింది" అంటే నిప్పు పనిచేయదని అర్థమవుతుంది, పైగా ఆ డ్రాగన్ ఎదురుగా ఉన్నట్టూ ఉంటుంది. ఆధారాలు ఏవీ ఇవ్వకుండా నిరోధాన్ని దాచిపెట్టి, ఆటగాళ్లు తమ మంత్రాలన్నీ వృథా చేసుకునేదాకా ఊరుకునే నిర్వాహకుడు నియమాన్ని పాటిస్తున్నాడేమో గానీ ఆటను పాడుచేస్తున్నాడు.

ఈ చరిత్రలో భారతీయ పాఠకులను ఆపి చూసేలా చేసే జీవి ఒకటి ఉంది: రాక్షసుడు. ఆ పేరుతోనే డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి 1975లో ప్రవేశించాడు. గైగాక్స్‌కు అతడు నేరుగా రామాయణం నుంచి పరిచయం కాలేదు. కోల్‌చాక్ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో 1974లో ప్రసారమైన ఒక భాగం నుంచి వచ్చాడు. అందులో రాక్షసుడు ఎదుటివారికి నమ్మకస్థుడైన మనిషి రూపంలో కనిపించి చంపుతాడు, ప్రత్యేకంగా అభిమంత్రించిన విల్లుబాణం మాత్రమే అతణ్ణి చంపగలదు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో అతడికి పులి ముఖం వచ్చింది, ఎనిమిదో స్థాయి కంటే తక్కువ మంత్రాలేవీ తగలవన్న నియమం వచ్చింది, మామూలు ఆయుధాలు పనిచేయవన్నారు, పూజారి ఆశీర్వదించిన క్రాస్‌బో బాణం ఒక్కటి తగిలినా చస్తాడన్నారు. హిరణ్యకశిపుడి వరాన్ని చిన్నప్పటి నుంచి విన్నవారికి ఈ నిర్మాణం కొత్త కాదు: పగలు కాదు రాత్రి కాదు, ఇంట కాదు బయట కాదు అంటూ అన్ని తలుపులూ మూసుకున్నా గడప మిగిలిపోతుంది, కథ మొత్తం ఆ గడప మీద జరుగుతుంది. ఇమ్యూనిటీకి అర్థం వచ్చేది దానిలోని సందు వల్లనే. సందు లేని అభేద్యత ఆటలో గోడ మాత్రమే; సందు ఉన్నది చిక్కుముడి. 2014 పుస్తకంలో ఆ రాక్షసుడికి ఆరో స్థాయి వరకు మంత్రాలు తగలవు, సత్పురుషుడి చేతిలోని మంత్రాయుధపు పోటు రెట్టింపు నష్టం చేస్తుంది. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో బ్లెస్ అనే ఆశీర్వాద మంత్రం మీదున్నవాడి పోటుకు ఆ రెట్టింపు నష్టం ఇచ్చి, పాత ఆశీర్వాద బాణాన్ని కొత్త రూపంలో తిరిగి తెచ్చారు.

అదే పుస్తకం మరో చోట మాత్రం ఒక సందును పూడ్చేసింది. 1970ల నుంచీ ఎన్నో జీవులకు మామూలు ఆయుధాలు తగిలేవి కావు, లేదా సగమే తగిలేవి. మంత్రం పట్టించిన కత్తో, వెండి పూసిన బాణమో కావలసివచ్చేది. 2003లో సవరించిన మూడో ఎడిషన్‌లో ఇది శ్రుతిమించి, ఒకదానికి వెండి, ఒకదానికి చలి ఇనుము, ఇంకొకదానికి అడమాంటీన్ కావలసిరావడంతో యోధులు ఆయుధాల మోపు మోసుకు తిరిగారు. గోల్ఫ్ ఆటగాడి సంచి అని దానికి పేరు పడింది. ఐదో ఎడిషన్ దాన్ని చాలావరకు సరళం చేసింది. 2024లో మొదలైన సవరణ ఇంకో అడుగు వేసి, మంత్రం పట్టని ఆయుధాల మీద ఉన్న ఆ ప్రత్యేక నిరోధాన్ని జీవుల వివరణల నుంచి తీసేసింది. పాత్రలకు త్వరలోనే మంత్రాయుధాలు దొరుకుతాయి, ఆ తర్వాత ఆ నిరోధం కాగితం మీదే ఉంటుంది కాబట్టి ఈ తీసివేతకు కారణం ఉంది. అయినా తోడేలు మనిషి విషయంలో ఇది నష్టమే. ఏ కత్తికైనా లొంగే తోడేలు మనిషి పెద్ద తోడేలు మాత్రమే. వెండి కోసం ఊరంతా తిరిగి, చర్చి పాత్రలు కరిగించి, కంసాలిని రాత్రికి రాత్రి లేపి బాణపు ములికి పోయించుకునే కథ ఆ నిరోధంతోపాటు పోతుంది. నియమాలను తన బల్లకు తగ్గట్టు మార్చుకునే హక్కు ఈ ఆట తొలినుంచీ నిర్వాహకుడికే ఇచ్చింది కనుక, ఆ కథ కావాలనుకున్నవారు తోడేలు మనిషి వివరణ కింద పాత నిరోధాన్ని ఒక్క వాక్యంగా రాసుకుని, వెండికి మాత్రం మినహాయింపు ఇచ్చుకుంటే సరిపోతుంది.